జెనీవాలో ఇచ్చిన మాట కోసిగి దాకా వస్తుందా?

2022 నవంబరు 10న జెనీవాలో మన దేశం వంతు వచ్చింది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో మూడున్నర గంటల పాటు మిగతా దేశాలు భారత్‌ను ప్రశ్నలడిగాయి, సలహాలిచ్చాయి. సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా నాయకత్వంలో వెళ్లిన బృందం జవాబులు చెప్పుకుంది. లెక్క తేలేసరికి 339 సిఫార్సులు వచ్చాయి. వాటిలో 221 ఒప్పుకుంటున్నామని ప్రభుత్వం చెప్పింది. మిగతా 118 'గమనించాం' అనే ఖాతాలో పడ్డాయి. ఒప్పుకోం అని ముఖం మీద చెప్పలేని చోట వాడే మర్యాద మాట అది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా టీవీ చర్చల్లో రెండు గొంతులే వినిపిస్తాయి. దేశాన్ని బోనులో నిలబెట్టారని ఒకరు, మూడింట రెండు వంతులు ఒప్పుకున్నాం కాబట్టి మన ప్రగతికి తిరుగులేదని ఇంకొకరు. నాకు ఆ 221 మీద పెద్ద ఆసక్తి లేదు. ఒప్పుకున్న మాట జెనీవా నుంచి ఢిల్లీకి, అక్కణ్నుంచి రాష్ట్రానికి, చివరికి కర్నూలు జిల్లా కోసిగి మండలంలో ఒక ఊరికి దిగాలంటే మధ్యలో కొన్ని మెట్లుంటాయి. ఒక చట్టం, ఒక ఆఫీసు, అందులో నిండిన కుర్చీ, ఫిర్యాదు తీసుకునే గుమస్తా. మన దేశం సంతకాల దగ్గర కన్నా ఈ మధ్య మెట్ల దగ్గరే ఎక్కువ తడబడుతోందని నా అభిప్రాయం. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల నుంచి చూస్తే ఆ మెట్లు మరీ స్పష్టంగా కనిపిస్తాయి.

ముందు ఒక చిక్కుముడి విప్పుకోవాలి. జెనీవాలో మనల్ని చూసే కళ్లు రెండు రకాలు. పైన చెప్పింది సార్వత్రిక సమీక్ష. నాలుగున్నర, ఐదేళ్లకోసారి ప్రతి దేశం మిగతా దేశాల ముందు కూర్చోవాలి. రచ్చబండ మీద పెద్దలందరూ వంతులవారీగా తామే ముద్దాయిలు కూడా అయితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అందుకే మాటల్లో పదును తక్కువ, మొహమాటం ఎక్కువ. 2008లో మనకు వచ్చినవి 18 సిఫార్సులే. 2012లో 169, 2017లో 250, ఆపైన 339. పెరిగిన సంఖ్య చూసి పరిస్థితి అంత దిగజారిందనుకోనక్కర్లేదు. మాట్లాడే దేశాలూ పెరిగాయి, ఒకే మాటను పదిమంది పది రకాలుగా చెప్పడమూ పెరిగింది.

రెండో కన్ను ఒడంబడికల కమిటీలది. అక్కడ కూర్చునేది దేశాల రాయబారులు కాదు, నిపుణులు. మనం ఆమోదించిన ఒక్కో ఒడంబడికకు ఒక్కో కమిటీ ఉంటుంది. గడువు ప్రకారం నివేదిక పంపాలి, వాళ్లు దాన్ని క్లాజు క్లాజుగా చదువుతారు. జాతి వివక్ష ఒడంబడికను మనం 1968లోనే ఆమోదించాం. పౌర, రాజకీయ హక్కులది, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులది, రెండింటిలోనూ 1979 ఏప్రిల్‌లో చేరాం. బాలల హక్కులది 1992, మహిళలపై వివక్షది 1993, వికలాంగుల హక్కులది 2007. సంతకాల జాబితాలో మనం వెనకబడ్డామని అనలేం.

నివేదికల సంగతే వేరు. పౌర, రాజకీయ హక్కుల మీద 1997 తర్వాత మళ్లీ మన సమీక్ష జరిగింది 2024 జూలైలో. ఇరవై ఏడేళ్ల ఎడం. ఆర్థిక, సామాజిక హక్కుల మీద చివరి సమీక్ష 2008లో. జాతి వివక్ష మీద 2007లో. అప్పుడు కులం ఈ ఒడంబడిక కిందికి రాదని మన ప్రభుత్వం, వస్తుందని కమిటీ వాదించుకున్నాయి. అంటే సలహాలు చెప్పే సభకు ఠంచనుగా వెళ్తున్నాం, లెక్కలు అడిగే నిపుణుల దగ్గరికి వెళ్లడానికి మాత్రం దశాబ్దాలు తీసుకుంటున్నాం.

ఒడంబడిక మన గడప ఎలా దాటుతుంది?

విదేశంలో సంతకం పెట్టినంత మాత్రాన అది మన దగ్గర చట్టం కాదు. రాజ్యాంగంలోని 253వ అధికరణం ఇచ్చిన అధికారంతో దాన్ని అమలు చేసే చట్టం పార్లమెంటు చేయాలి. చేయకపోతే? కోర్టులు సందు వెతికాయి. 1997లో విశాఖ కేసులో, పని చోట లైంగిక వేధింపుల మీద చట్టం లేని రోజుల్లో, సుప్రీంకోర్టు మహిళల ఒడంబడికనే ఆధారం చేసుకుని మార్గదర్శకాలు రాసింది. పార్లమెంటు చట్టం చేయడానికి మరో పదహారేళ్లు పట్టింది.

కొన్నిచోట్ల ఇంకా విచిత్రం జరిగింది. 1979లో చేరేటప్పుడు, అక్రమంగా అరెస్టయినవాళ్లకు నష్టపరిహారం పొందే హక్కు మా న్యాయవ్యవస్థలో లేదు కాబట్టి ఆ క్లాజు మాకు వర్తించదని భారత్ రాసిచ్చింది. 1983లో రుదుల్ షా కేసు, 1993లో నీలబతి బెహెరా కేసు, ఇలా వరసగా సుప్రీంకోర్టు పరిహారం ఇప్పిస్తూ వచ్చింది. 1996లో డీకే బసు తీర్పులో ఆ మినహాయింపుకు ఇక విలువ లేదని తేల్చేసింది. దేశం ఒకటి చేస్తోంది, ఐక్యరాజ్యసమితి బీరువాలోని కాగితం ఇంకా పాతదే చెబుతోంది.

పెళ్లి రిజిస్ట్రేషన్ దీనికి ఇంకా దగ్గరి ఉదాహరణ. మహిళల ఒడంబడికలోని 16వ అధికరణం పెళ్లిళ్లను తప్పనిసరిగా నమోదు చేయాలంటుంది. ఇన్ని ఆచారాలు, మతాలు, చదువులో ఇన్ని తేడాలున్న విశాల దేశంలో ఇది ఆచరణసాధ్యం కాదని 1993లో మన ప్రభుత్వం ప్రకటన జతచేసింది. తొమ్మిదేళ్లు తిరక్కుండా, 2002లో, ఆంధ్రప్రదేశ్ పెళ్లిళ్ల తప్పనిసరి రిజిస్ట్రేషన్ చట్టం చేసింది! 2006లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ అదే చెప్పింది.

మరి చట్టం ఉంది కదా, ఏమైంది? 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశ సగటు 23.3 శాతం. అంతకుముందు సర్వేలో రాష్ట్రానిది 33 శాతం, తగ్గింది, కాదనను. కానీ మన పల్లెల్లో రిజిస్ట్రేషన్ గుర్తొచ్చేది ఎప్పుడు? పాస్‌పోర్టుకో, రేషన్ కార్డులో పేరు చేర్చడానికో, పథకం దరఖాస్తుకో సర్టిఫికెట్ కావలసి వచ్చినప్పుడు. అప్పటికి పిల్లకు పద్దెనిమిది నిండి ఉంటాయి, పెళ్లి ఫొటో మీద తేదీ ఎవరూ అడగరు. వయసు చూసుకోవడానికి పెట్టిన నిబంధన, వయసు దాటాక సర్టిఫికెట్ తెచ్చుకునే తంతుగా మారింది.

సంతకమై ఆగిపోయినది

ఇక అన్నిటికన్నా చిక్కు ముడి దగ్గరికి వద్దాం. చిత్రహింసల వ్యతిరేక ఒడంబడికపై భారత్ 1997 అక్టోబరు 14న సంతకం పెట్టింది. 170కి పైగా దేశాలు ఆమోదించిన ఒడంబడిక ఇది. మనం మాత్రం ఆమోదించలేదు, అంటే దానికి కట్టుబడలేదు. 2008 నుంచి ప్రతి సమీక్షలోనూ ఇదే అడుగుతున్నారు, పరిశీలిస్తున్నామనే చెబుతున్నాం. 2010లో లోక్‌సభ చిత్రహింసల నిరోధక బిల్లు ఆమోదించింది. రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి పంపింది. 2014లో లోక్‌సభ కాలం తీరడంతో బిల్లూ మురిగిపోయింది. 2017 అక్టోబరులో లా కమిషన్ తన 273వ నివేదికలో ఒడంబడికను ఆమోదించమంది, ముసాయిదా చట్టం కూడా రాసిచ్చింది. 2019లో సుప్రీంకోర్టు ముందుకు వెళ్తే, చట్టం చేయమని పార్లమెంటును మేం ఆదేశించలేం అంది.

ఉన్న చట్టాలు చాలవా అని ప్రభుత్వ వాదన. నేరం ఒప్పించడానికి కొడితే శిక్షించే సెక్షన్లు పాత ఐపీసీలోనూ ఉన్నాయి, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 120వ సెక్షనూ ఉంది. కానీ లాకప్‌లో దెబ్బలు తిన్నవాడికి సాక్షి ఎవరు? లాకప్‌లోని ఇంకో ముద్దాయి, లేదా కొట్టినవాళ్ల తోటి ఉద్యోగి. ఈ సమస్యకు కోర్టులు వెతికిన జవాబు రెండు విడతల్లో వచ్చింది.

మొదటిది డీకే బసు. ఏ పోలీస్ స్టేషన్‌కు వెళ్లినా గోడ మీద ఆ పదకొండు సూత్రాల బోర్డు కనిపిస్తుంది, చాలాచోట్ల రంగు వెలిసి. అరెస్టు మెమో మీద ఇంటివాళ్లో, ఆ వీధి పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. బంధువుకు కబురు చేయాలి. కస్టడీలో ఉన్నన్నాళ్లూ 48 గంటలకోసారి డాక్టరుకు చూపించాలి. మన దగ్గర అసలు కిటుకు ఈ సూత్రాలు మొదలయ్యే ముందే జరిగిపోతుంది. "ఊరికే మాట్లాడి పంపిస్తాం" అని స్టేషన్‌కు పిలుస్తారు. రికార్డులో అరెస్టు లేదు కాబట్టి మెమో లేదు, డాక్టరు లేడు. రెండు రోజులు గడిచాక చూపించిన అరెస్టుకే కాగితాలన్నీ సక్రమంగా ఉంటాయి.

రెండోది 2020 డిసెంబరు నాటి పరమ్‌వీర్ సింగ్ సైనీ తీర్పు. ప్రతి స్టేషన్‌లో గేటు దగ్గర, లాకప్ ముందు, వరండాలో, ఇన్‌స్పెక్టర్ గదిలో సీసీ కెమెరాలు ఉండాలి. బొమ్మతో పాటు శబ్దమూ రికార్డు కావాలి. దాన్ని 18 నెలలు దాచాలి. దెబ్బలు తిన్న మనిషి ఫిర్యాదు చేస్తే మానవ హక్కుల కమిషన్ ఆ రికార్డింగు తెప్పించుకోవచ్చు. రికార్డులో లేని రెండు రోజులను బయటపెట్టగలిగేది ఈ కెమెరా ఒక్కటే.

మరి ఆ కమిషన్ ఎక్కడుంది? ఇక్కడే, కర్నూలులో. హైదరాబాదులో ఉండిపోయిన రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ 2021లో కర్నూలుకు వచ్చింది, లోకాయుక్త కూడా. కోస్తా, సీమ నాయకులు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒప్పందం నాటి నుంచి హైకోర్టు అడుగుతున్న సీమకు ఇది ఓదార్పా, వాటానా అని అప్పట్లో టీ కొట్ల దగ్గర బాగానే వాదులాడుకున్నారు. 2024 చివర్లో మళ్లీ అమరావతికి తరలించే ప్రతిపాదన వచ్చింది. ఊరు ఏదైతే నాకంత పట్టింపు లేదు గానీ, ఆఫీసు అటూ ఇటూ కదిలినప్పుడల్లా ఫైళ్లతో పాటు రోజులూ పోతాయి. ఈ వ్యవహారంలో రోజులకే అసలు విలువ.

ఎందుకంటే 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం 36వ సెక్షన్ ప్రకారం, ఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారణ చేపట్టకూడదు. కెమెరా రికార్డింగు ఉండేది 18 నెలలు, అదీ పరికరం పనిచేసి, ఎవరూ దాన్ని చెరపకపోతే. 2019 సవరణతో చైర్మన్, సభ్యుల పదవీకాలం మూడేళ్లకు తగ్గింది. 2021లో వేసినవాళ్ల కాలం 2024లో తీరింది. ఒక జట్టు దిగిపోయి ఇంకో జట్టు రావడంలో ఏడాదిన్నర గడిచిందనుకోండి. ఫిర్యాదు గడువులో ఇచ్చినా చదివేవాడు ఉండడు, రికార్డింగు తెప్పించమని ఉత్తర్వు ఇచ్చేవాడు ఉండడు, కుర్చీ నిండేసరికి హార్డ్ డిస్కు మీద కొత్త రోజులు ఎక్కి ఉంటాయి. చట్టాన్ని ఎవరూ ఉల్లంఘించనక్కర్లేదు. నియామకం ఆలస్యమైతే చాలు.

కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, తెల్లకాగితం మీద తెలుగులో రాసి పోస్టులో పంపినా చెల్లుతుంది, బాధితుడి తరఫున ఇంకొకరు పెట్టినా తీసుకుంటారు. ఇంత తేలిక దారి ఇంకోటి లేదు. అది ఇచ్చేది సిఫార్సే, తీర్పు కాదు. నెలలోగా ప్రభుత్వం ఏం చేసిందో చెప్పాలి. ఆ మాత్రమైనా జరగాలంటే లోపల మనిషి ఉండాలి కదా.

జాతీయ కమిషన్ పరిస్థితీ ఏమంత గొప్పగా లేదు. ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి కమిషన్లకు గ్రేడ్లిచ్చే కూటమి 2023లోనూ, 2024లోనూ మన కమిషన్ 'ఏ' గ్రేడు పునరుద్ధరణను వాయిదా వేసింది. 2025 మార్చిలో 'బి'కి దించాలని దాని ఉపసంఘం సిఫార్సు చేసింది. కారణాల్లో ఒకటి: పోలీసుల మీద ఫిర్యాదులను విచారించేది పోలీసు అధికారులే.

సదరం క్యాంపు, ఒడంబడిక

అంతా ఇలాగే ఉందంటే అబద్ధమవుతుంది. వికలాంగుల ఒడంబడిక ఒక్కటి చూడండి. 2007లో ఆమోదించాం, 2016లో దాని పేరు చెప్పి మరీ చట్టం చేశాం. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే ఇందులో ఇరవై ఒకటి. ప్రభుత్వ ఉద్యోగాల్లో వాటా మూడు నుంచి నాలుగు శాతానికి పెరిగింది. మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు. ఒకటో తారీఖున ఇంటికే వచ్చి ఇస్తున్నారు. ఏ కమిటీ ముందైనా తల ఎత్తుకుని చెప్పుకోవచ్చు.

అయితే ఒడంబడిక అసలు చెప్పిందేమిటి? లోపం మనిషి ఒంట్లోనే లేదు, ర్యాంపు లేని ఆఫీసులో, ఎక్కలేని బస్సులో కూడా ఉంది, అడ్డంకులు తొలగించండి అంది. మన వ్యవస్థ దాన్ని శాతాల్లోకి దించింది. సదరం అనే వైకల్య పరీక్ష క్యాంపుకు గ్రామ సచివాలయంలో స్లాటు బుక్ చేసుకోవాలి, చెప్పిన రోజు జిల్లా ఆస్పత్రికో ఏరియా ఆస్పత్రికో వెళ్లాలి, డాక్టరు కాలు చూసో, చెవి పరీక్ష చేసో అంకె వేస్తాడు. నలభై వస్తే పింఛను, ముప్పై ఎనిమిది వస్తే ఏమీ లేదు. సదరం సర్టిఫికెట్ చేతికొచ్చాక కూడా కర్ర పట్టుకున్న మనిషి పల్లె వెలుగు బస్సు మెట్టును ఎవరో చేయి ఇస్తేనే ఎక్కాలి. డబ్బు అందడంలో మనం చాలా ముందున్నాం. మెట్టు ఎత్తు తగ్గించడం అనేది ఎవరి పనో ఇంకా తేలలేదు.

బండ్లపల్లి నుంచి సుగ్గి దాకా

ఆర్థిక, సామాజిక హక్కుల ఒడంబడిక ఆరో అధికరణం పని హక్కు గురించి. ఉన్న వనరుల మేరకు అంచెలంచెలుగా అమలు చేయమంటుంది. ఈ విషయంలో చరిత్రలో ఒక పేజీ అనంతపురం జిల్లాది: ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. అడిగితే వంద రోజుల పని, పదిహేను రోజుల్లో కూలి, సామాజిక తనిఖీ. జెనీవాకు పంపే నివేదికల్లో పథకాల పేర్లు బారులు తీరి ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం ప్రభుత్వం ఇస్తే పుచ్చుకునేవి. ఉపాధి హామీ మాత్రం కూలి మనిషి హక్కుగా అడిగి తీసుకునేది. 2025 డిసెంబరులో పార్లమెంటు దీని స్థానంలో కొత్త చట్టం చేసింది. రోజులు 125 అయ్యాయి, ఖర్చులో రాష్ట్రాల భారం పెరిగింది. ఆ భారం మోయలేని రాష్ట్రం పని చూపించడం తగ్గిస్తే హక్కు కాగితం మీదే పెరిగినట్టు.

అదే పథకం ఇరవై ఏళ్లుగా ఉన్న రాష్ట్రంలో, కర్నూలు పడమటి మండలాలు ఏటా ఖాళీ అవుతాయి. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం, హొళగుంద. దీపావళి దాటి, ఉన్న కాస్త పత్తి తీత అయిపోగానే జనం గుంటూరు వైపు మిరప కోతలకు బయల్దేరతారు. ఇక్కడ దాన్ని సుగ్గి అంటారు. లారీలో, ట్రాలీలో బియ్యం మూట, వంట సామాను, చాప, కోడి, పిల్లలు. కోసిన కాయకు కిలో లెక్కన అదే వారం చేతికొచ్చే డబ్బు ముందు, ఖాతాలో ఎప్పుడు పడుతుందో తెలియని కూలి నిలవదు. వాళ్ల లెక్కలో తప్పేమీ లేదు.

పిల్లల సంగతే ఒడంబడికలను ఇరుకున పెట్టేది. బాలల ఒడంబడికలో చేరేటప్పుడు, పిల్లల పని విషయంలో అంచెలంచెలుగా అమలు చేస్తామని భారత్ రాసిచ్చింది. 2009లో విద్యాహక్కు చట్టం, 2016లో బాలకార్మిక చట్ట సవరణ, 2017 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 138, 182 ఒప్పందాల ఆమోదం. మూడూ నిజమైన అడుగులే. 2016 సవరణలో ఒక సందు మిగిలింది: బడి వేళల తర్వాత, సెలవుల్లో సొంత కుటుంబం పనికి సాయం చేయొచ్చు. పట్నంలో కిరాణా కొట్టుకు ఇది సరిపోతుందేమో. సీడ్ పత్తి (విత్తనం కోసం వేసే పత్తి) చేలో సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేయడం, మర్నాడు పొద్దున్నే మగపువ్వు తెచ్చి రుద్దడం, ఈ క్రాసింగ్ పనికి చిన్న వేళ్లు, వంగని నడుం కావాలి. వేళ చూస్తే సరిగ్గా బడికి ముందూ, బడి తర్వాతా. అది సొంత చేనా, మాటకు సొంత చేనా అని ఎవరు తేలుస్తారు?

సుగ్గికి వెళ్లే ఇళ్ల పిల్లల కోసం సమగ్ర శిక్షా విద్యా పథకం కింద సీజనల్ హాస్టళ్లున్నాయి. తల్లిదండ్రులు వచ్చేదాకా పిల్లలు ఊళ్లోనే బడిలో తిని, పడుకుని, చదువుకునే ఏర్పాటు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చినది ఇదే, ఎందుకంటే సమస్య ఏ నెలలో వస్తుందో ఆ నెలకే జవాబు పెట్టారు. షరతు ఒక్కటే, లారీ కదిలే రోజుకు హాస్టల్ తెరిచి ఉండాలి. మంజూరు కాగితం రెండు వారాలు ఆలస్యమైతే పిల్ల అప్పటికే పల్నాడులో ఉంటుంది. హాజరు పట్టీలో పేరు మాత్రం ఇక్కడే ఉంటుంది, నమోదు శాతం తగ్గదు, ఢిల్లీకి వెళ్లే అంకె తగ్గదు, జెనీవాకు వెళ్లే అంకే అది.

ఇక్కడ ఒక ప్రశ్న మామూలుగా వస్తుంది: మనకు చెప్పడానికి వాళ్లెవరు? బాలల ఒడంబడికను అమెరికాయే ఆమోదించలేదు కదా. నిజమే, ఆమోదించలేదు. కానీ మానవ హక్కులంటే ఏమిటో నిర్వచిస్తూ మన 1993 చట్టమే రాజ్యాంగంతో పాటు పౌర, రాజకీయ హక్కులది, ఆర్థిక, సామాజిక హక్కులది, ఈ రెండు అంతర్జాతీయ ఒడంబడికల పేరూ చెప్పింది. ఇంట్లో రాసుకున్న కాగితాన్ని బయటివాళ్లదని తోసేయలేం. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) గురించి సమీక్షలో కొన్ని దేశాలు మాట్లాడినప్పుడు అది ఢిల్లీ ఎన్జీవోల గొడవ అనిపించింది చాలామందికి. 1969 నుంచి అనంతపురంలో పనిచేస్తున్న ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థకు ఆ చట్టం కింద రెన్యువల్ సమస్య వచ్చి, 2025లో జనం రోడ్డెక్కాక, ఎఫ్‌సీఆర్ఏ అన్న మాట పల్లెల్లో ముసలమ్మలకు కూడా తెలిసింది.

జెనీవా సమీక్షకు మూడు పత్రాలు వెళ్తాయి. ప్రభుత్వ నివేదిక ఒకటి, ఐక్యరాజ్యసమితి కూర్చినది ఒకటి. మూడోది బయటి సంఘాలు పంపినవాటి సారాంశం. ఈ మూడో దానికి ఏ సంఘమైనా నేరుగా రాయొచ్చు, ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. ఒక్క సంఘమైతే 2,815 పదాలు దాటకూడదు, ఒకటికి మించి కలిసి రాస్తే 5,630. పెద్ద పెద్ద సంస్థలు ఆ పదాల్ని ఆవేదనతో నింపుతుంటాయి. ఆదోని డివిజన్‌లోని ఉపాధ్యాయ సంఘమో, మహిళా సమాఖ్యో రాస్తే దానికి వేరే సరుకు ఉంటుంది: నవంబరు నుంచి మార్చి దాకా పది బళ్లలో నెలవారీ అసలు హాజరు, సీజనల్ హాస్టల్ మంజూరైన తేదీ, తెరిచిన తేదీ. సమాచార హక్కు దరఖాస్తుకు మండల స్థాయిలో ఐదు రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. అడగాల్సింది మండల విద్యాధికారి ఆఫీసులో.